పేలిక కట్టిన తాళం

ఆ వానాకాలం మొదలయ్యేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: బజారు మలుపులో రెండు తలుపుల ఇనుప సామాన్ల కొట్టు, దాని మీద రెండు గదుల ఇల్లు, పద్దెనిమిదేళ్ళుగా గల్లాపెట్టె దగ్గర నాతో సమానంగా నిలబడిన భార్య, సరుకులోనూ మాటలోనూ తేడా రానివ్వడన్న పేరు. పిల్లలు లేరు. దాన్ని లోటు కింద లెక్కవేసుకోవడం మేమిద్దరం ఎప్పుడో మానేశాం. ఎదురు గదిలో మిషను కుట్టే టైలరమ్మ కూతురు పొద్దున వాళ్ళింట్లో మొహం కడుక్కోవడమే ఆలస్యం, మిగతా పగలంతా మా కొట్టులోనే ఉండేది.

ఐదేళ్ళ పిల్ల. గుండీ అని పిలిచేవాళ్ళం. పాత చొక్కాల నుంచి తీసిన గుండీలన్నీ ఒక రేకు డబ్బాలో పోసుకుని, అది లేనిదే అడుగు తీసి అడుగు వేసేది కాదు. డబ్బా గలగలమంటే పిల్ల ఎక్కడుందో తెలిసిపోయేది. తల్లికి భర్త లేడు, నన్ను అన్నయ్య అనేది. ఆ వరసన నేను పిల్లకి మామయ్యని, నా భార్య అత్తయ్య.

ఏటా వానలు పడేముందు ఒక రోజు కొట్టు మూసి ఉన్న సరుకంతా లెక్క చూసుకునేవాళ్ళం. దానికి నా పద్ధతి నాకుంది. లెక్క అయిన అరకి ఒక దారం కట్టాలి. దారం కట్టిన అర జోలికి ఇక పోకూడదు. చూసిందే మళ్ళీ చూస్తూ కూర్చుంటే లెక్క ఎన్నాళ్ళకీ తెమలదు. సీలు చెక్కుచెదరని పెట్టెని విప్పకూడదు. మీద రాసినంత లోపల ఉన్నట్టే. నా భార్యకి మాత్రం ఏ పెట్టె కనిపించినా మూత తీసి చెయ్యి పెడితే గాని తోచదు.

"దానిమీద రాసుందిగా నూట నలభై నాలుగని! ఎందుకు విప్పుతావు?"

"రాసినవాడు నా మేనమామా?" అంది.

"కంపెనీవాడు."

"అయితే మీ మేనమామేమో. నమ్మండి."

అలా నవ్వుకుంటూనే మధ్యాహ్నానికి సగం అరలకి దారాలు కట్టాం. ఆవిడ వంట చూడ్డానికి పైకి వెళ్ళింది, నేను వెనక గదిలో గొలుసుల లెక్క ముగించుకుని వచ్చాను. వచ్చేసరికి మరమేకుల సొరుగులు పదకొండూ ఖాళీగా ఉన్నాయి. నేల మీద గోనెసంచి పరిచి, మరలన్నీ కుప్పలు పోసి, మధ్యలో గుండీ కూర్చుని ఉంది.

"ఏంటే ఇది?"

"సర్దాను మామయ్యా. పసుపువన్నీ ఇక్కడ. నల్లవన్నీ అక్కడ. తెల్లవి ఇంకా అవలేదు."

పొద్దుటి నుంచీ చేసిన పనంతా ఆ గోనెసంచి మీద కలగాపులగంగా పడి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"రంగెవడిక్కావాలే? మర అంటే సైజు! చిన్నవి ముందు, పెద్దవి తర్వాత. కళ్ళు కనపడట్లేదా నీకు?"

"మళ్ళీ చేస్తా."

"ఏం చెయ్యొద్దు. ఇంకోసారి సామాను ముట్టుకున్నావంటే గదిలో పడేసి తాళం వేస్తా. సైజు ప్రకారం సర్దేదాకా తియ్యను. వెళ్ళు!"

పిల్ల ఏడవలేదు. డబ్బా తీసుకుని మెట్లు దిగింది. గలగల చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. పై నుంచి నా భార్య "ఏమండీ, పసిదాన్ని పట్టుకుని అంతలా అరుస్తారా?" అంది. "ఎక్కడికి పోతుందిలే, ఆకలైతే అదే వస్తుంది" అన్నాను.

అది రాలేదు.

సాయంత్రానికి వీధులన్నీ గాలించాం. చీకటి పడే వేళకి కలప కోతమిల్లు పనివాడొకడు వచ్చి, మధ్యాహ్నం ఒక పిల్ల డబ్బా ఊపుకుంటూ పొట్టుకుప్పల వెనక నుంచి అడివి వైపు పోవడం చూశానన్నాడు. "పెద్దవాళ్ళెవరో వెనకాల వస్తున్నారనుకున్నానండీ" అన్నాడు. అతన్ని కొట్టబోయారు మనుషులు. నేనే ఆపాను. ఆ మాట అనుకోనివాడు ఆ రోజు ఊళ్ళో ఎవడున్నాడు? అప్పటికే వాన మొదలైంది.

మర్నాడు తెల్లవారేసరికి మా కొట్టు ముందు అరవైమంది దాకా పోగయ్యారు. ఎవరికి వాళ్ళు అడివిలో పడబోతున్నారు. ఫారెస్టు గార్డు మ్యాపు పట్టుకుని అరుస్తున్నాడు, వినేవాడు లేడు. నేను బల్ల మీదకెక్కి ఈల వేశాను.

ఆ రోజు నేను చేసిన పనిని ఇప్పటికీ ఊరు చెప్పుకుంటుంది. కొట్టు రెండు తలుపులూ బార్లా తెరిచేశాను. తాళ్ళు, టార్చిలైట్లు, టార్పాలిన్లు, రబ్బరు బూట్లు, ఈలలు, ఎవరికి ఏది కావాలంటే అది పట్టుకెళ్ళమన్నాను. అడివిని మ్యాపు మీద తొమ్మిది భాగాలు చేశాను. భాగానికో జట్టు, జట్టులో ఇద్దరేసి మనుషులు ఒక వరస. ఒక చోటు చూడ్డం అయిపోయాక అక్కడ ఎర్ర గుడ్డపేలిక కట్టాలి. పేలిక ఉన్న చోట మళ్ళీ ఎవరూ వెతకకూడదు, ముందుకి పోవాలి.

"అడివంటే మీ కొట్టు కాదు షావుకారుగారూ" అన్నాడు గార్డు.

"లెక్క ఎక్కడైనా లెక్కేనండీ" అన్నాను.

పేలికలకి గుడ్డ కావాలి. టైలరమ్మ ఇంట్లో ఎర్ర లైనింగు తాను ఉంది. వెళ్ళి అడిగితే ఆమె మారుమాట్లాడకుండా కత్తెర తీసింది. జానెడు పొడవు, రెండు వేళ్ళ వెడల్పు. కళ్ళనీళ్ళు గుడ్డ మీద పడుతుంటే తుడుచుకుంటూ కత్తిరిస్తూనే ఉంది.

"ఎన్ని కావాలన్నయ్యా?"

"ముందు మూడు వందలు చెయ్యమ్మా."

"నువ్వు పూనుకున్నావు, ఇంక నాకు భయం లేదు" అంది. పక్కనే కూర్చుని నా భార్య పేలికల్ని ఇరవై ఇరవైగా కట్టలు కట్టింది. మాతో పాటు ఆవిడా అడివికి వస్తానంది. "ఆమె దగ్గర ఒకరుండాలి, నువ్వుండు" అన్నాను. ఆవిడ వచ్చి ఉంటే ఈ కథ రాయాల్సిన పని ఉండేది కాదు.

ఆరో భాగంలో వాగు వెంబడి వరస నేను తీసుకున్నాను. నాకు జతగా పోస్టాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, లావుపాటి కళ్ళద్దాలు, ఇరవయ్యేళ్ళుగా మా బజారంతటికీ ఉత్తరాలు పంచుతున్నవాడు. గుండీకి ఎక్కడ మంచి గుండీ దొరికినా సంచిలో వేసుకుని తెచ్చిచ్చేవాడు. గట్టుకి చెరో వైపు నడిచాం, వంపు వచ్చినప్పుడల్లా వైపులు మారుతూ. ఇద్దరికీ మధ్య వెదురుపొదలు. గొంతులు తప్ప మనుషులం కనిపించడం లేదు.

నా వైపు ఒక మిట్ట మీద బొగ్గుల షెడ్డు ఉంది. కట్టెల్ని కాల్చి బొగ్గు చేసేవాడొకడు ఎండాకాలమంతా అక్కడే బట్టీ పెట్టి, వానలకి మూసేసి అత్తవారింటికి పోతాడు. చెక్కల గోడలు, పైన రేకు. తలుపుకి ఇత్తడి తాళం వేలాడుతోంది. అది నేను అమ్మిన తాళమే, చూడగానే గుర్తుపట్టాను. పట్టుకుని రెండుసార్లు గట్టిగా లాగాను. కదల్లేదు. అంత వానలో, అంత ఆందోళనలో కూడా నా సరుకు గట్టిదని ఒక్క క్షణం నాకు సంతోషం కలిగింది. దాచుకోవడం ఎందుకు, కలిగింది.

"గుండీ! ఏయ్ గుండీ!" అని పిలిచాను. డబ్బా చప్పుడు కోసం చెవి పెట్టాను. రేకు మీద వాన తప్ప ఏమీ లేదు. బయట తాళం వేసి ఉన్న గదిలోకి పిల్ల ఎలా వెళ్తుంది? సీలున్న పెట్టె. తాళం కొక్కేనికి పేలిక కట్టాను. చుట్టూ తిరిగి వెనక గోడ చూడాలంటే ముళ్ళపొద దాటాలి. అటు ఏడో భాగం వాళ్ళు ఈల వేస్తున్నారు, వాళ్ళకి పేలికలు అయిపోయాయి, నేను వెళ్ళాలి. వెళ్ళాను.

మూడో రోజుకి మనుషులు నలభైమంది అయ్యారు. నాలుగో రోజుకి పాతికమంది. తొమ్మిది భాగాలూ ఎర్ర పేలికలతో నిండిపోయాయి. టైలరమ్మ ఇంకా కత్తిరిస్తూనే ఉంది, ఎవరూ అడక్కపోయినా.

ఆ రోజు మధ్యాహ్నం కోతమిల్లు చూరు కింద నిలబడి టీ తాగుతున్నాం. గార్డు అన్నాడు, "మొదటి నుంచీ మళ్ళీ ఒక చుట్టు వేద్దామండీ. జట్లు మార్చి. ఒకరు చూసింది ఇంకొకరు చూస్తే..."

"ఉన్నది పాతికమంది. చూసిందే చూస్తే కొండవతలికి ఎప్పుడు పోతాం?" అన్నాను. అందరూ తలలూపారు. నా మాటకి ఆపాటికి అంత విలువ వచ్చింది.

పోస్టాయన నా పక్కకి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు, "షావుకారుగారూ, మన ఆరో భాగం ఒక్కటీ మళ్ళీ చూద్దామా? ఆ రోజు వానకి నా అద్దాలు మసకేశాయి. సగం తడుముకుంటూనే నడిచాను. మనసు పీకుతోంది."

"మీరు బాగానే నడిచారు మాస్టారూ. నేను పక్కనే ఉన్నాగా" అన్నాను.

"అది కాదు..."

"రండి, కొండవతలికి ఇంకా వెలుగుంది."

అతను వచ్చాడు. నేను చెబితే కాదనేవాడు కాదు.

ఐదో రోజు పొద్దున బొగ్గులతను వచ్చాడు. ఎక్కడో సంతలో ఈ సంగతి విన్నాడట, ఉన్నవాడు ఉన్నట్టే బయల్దేరాడు. సరాసరి తన షెడ్డుకి వెళ్ళి తాళం తీశాడు. లోపల బొగ్గు గోతాల వెనక గుండీ పడి ఉంది. వెనక గోడలో కింది చెక్క ఊడిపోయి, దానికి అతను ఒక రేకుముక్క అడ్డంపెట్టి పోయాడు. మొదటి రోజు సాయంత్రమే వాన పడుతుంటే ఆ రేకు తోసుకుని దూరింది పిల్ల. దూరేటప్పుడు రేకు అంచు ఎడమ పాదాన్ని అడ్డంగా కోసేసింది. పైకప్పు కారిన చోట గుంటలో నీళ్ళున్నాయి. అవే తాగింది. బతికి ఉంది.

అడివంతా ఈలలు మోగాయి. మనుషులు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నన్ను కొందరు భుజాలకెత్తుకున్నారు. ఆ భుజాల మీద నుంచే నేను అడిగాను, "ఎక్కడ దొరికింది?" అని. చెప్పారు. "నన్ను దింపండి" అన్నాను. సంతోషం పట్టలేక దిగుతున్నాననుకున్నారు.

తర్వాత ఒక్కణ్ణే ఆ షెడ్డుకి వెళ్ళి చూశాను. గోతాల పక్కన పొడుగాటి చెక్క ఒకటి ఉంది. దాని మీద గుండీలు వరసగా పేర్చి ఉన్నాయి. మొదట రవికె గుండీలు, తర్వాత చొక్కావి, తర్వాత కోటువి. ఎర్రదాని పక్కన తెల్లది, తెల్లదాని పక్కన నల్లది. రంగు కలవలేదు. సైజు ఒక్క చోట కూడా తప్పలేదు. డబ్బా ఖాళీగా బోర్లా పడి ఉంది. దాని చప్పుడు కోసమే కదా నేను చెవి పెట్టాను.

ఆసుపత్రిలో పాదం సగానికి తీసేశారు. గాయం చీము పట్టి పైకెక్కింది. "మొదటి రెండు రోజుల్లో తెచ్చి ఉంటే నాలుగు కుట్లు వేసి ఇంటికి పంపేవాళ్ళం" అంది డాక్టరమ్మ. టైలరమ్మ ఆమె చేతులు పట్టుకుని "ప్రాణం దక్కింది, అదే చాలమ్మా" అంది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

ఇక ఊరికి ఒక ప్రశ్న మిగిలింది. ఆ షెడ్డు దగ్గర పేలిక కట్టింది ఎవరు? గార్డు కాగితంలో ఆరో భాగం, వాగు వరస అని ఉంది, ఇద్దరి పేర్లూ ఉన్నాయి. కానీ ఇద్దరినీ అనుమానించడం ఊరికి సాధ్యపడలేదు. ఒకడు కొట్టంతా ఖాళీ చేసి వెతికించినవాడు. రెండోవాడికి కళ్ళు సరిగ్గా కనపడవు.

టీ బడ్డీ దగ్గర నా ఎదుటే అన్నారు.

"ఇల్లు మారిన ఏడాదికి కూడా పాతింట్లోనే ఉత్తరాలు పడేస్తాడు. అతనికి షెడ్డేం కనపడుతుంది?"

"కనపడకపోతే కనపడలేదని చెప్పాలి. పేలిక కట్టేసి చేతులు దులుపుకుంటాడా?"

"పిల్ల కాలు పోగొట్టాడు మనిషి."

నేను టీ తాగి గ్లాసు పెట్టేసి వచ్చాను. కాదని అనలేదు. అవునని కూడా అనలేదు. నోరు విప్పకుండా ఉండడం వ్యాపారంలో నేను నేర్చుకున్న మొదటి విద్య. దాన్ని ఇలా వాడొచ్చని అప్పటిదాకా తెలియదు.

పోస్టాయన ఒక సాయంత్రం కొట్టుకి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, మెట్టు మీదే నిలబడ్డాడు.

"ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ షెడ్డు మీ వైపు వచ్చిందా, నా వైపు వచ్చిందా? ఎంత తలచుకున్నా నాకు గుర్తు రావట్లేదు. షెడ్డు చూసినట్టూ ఉంది, లేనట్టూ ఉంది."

నేను చెప్పాల్సింది మూడే మాటలు. నా వైపే వచ్చింది.

"ఇప్పుడు అవన్నీ ఎందుకు లెండి మాస్టారూ. పిల్ల దక్కింది కదా" అన్నాను.

అతను అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అయితే నా వైపే అయ్యుంటుంది" అన్నాడు. "మీ వైపైతే మీరు చూడకుండా ఉండరు."

బొగ్గులతను వచ్చింది ఆ మర్నాడే. తాళం, తాళంచెవి గల్లాపెట్టె మీద పెట్టాడు. కొక్కేనికి పేలిక ఇంకా అలాగే ఉంది. నా భార్య గల్లా దగ్గర కూర్చుని ఉంది, నేను నిచ్చెన మీద పెట్టెలు దించుతున్నాను.

"మీ దగ్గర కొన్నదేనమ్మా. గట్టిది, వంక పెట్టడానికేం లేదు. కానీ నాకిది వద్దు."

"వేరేది ఇవ్వనా?"

"ఏదీ వద్దమ్మా. ఇక ఆ షెడ్డుకి తాళం వెయ్యను" అని వెళ్ళిపోయాడు.

మా కొట్టులో పొట్లాలకి వేసే ముడి ఒకటుంది. రెండు చుట్లు, ఒక మడత, కొస బయటికి. ఎంత బరువైనా ఆగుతుంది, కొస పట్టుకుని లాగితే మాత్రం ఒక్కసారికి ఊడొస్తుంది. పెళ్ళైన కొత్తలో నా భార్యే నాకు నేర్పింది, వాళ్ళ నాన్న కొట్టులో వేసే ముడి అది. ఆవిడ తాళాన్ని దగ్గరికి తీసుకుంది. పేలిక వంక చూసింది. కొస పట్టుకుని లాగింది. పేలిక జారి ఆవిడ ఒళ్ళో పడింది.

నిచ్చెన మీద నా చేతిలో పెట్టె అలాగే ఉండిపోయింది. ఆవిడ తలెత్తి చూడలేదు. పేలికని నాలుగు మడతలు పెట్టి గల్లా సొరుగులో వేసి, "మేకులు అడిగారు, రెండంగుళాలవి. అందించండి" అంది.

ఆ ఆదివారం ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. టైలరమ్మ మందులు తేవడానికి కిందికి దిగింది. గుండీ దిండుకి ఆనుకుని కూర్చుంది. కట్టు కట్టిన కాలి మీద దుప్పటి పల్లంగా ఉంది. నన్ను చూసి మొహం వికసించింది.

"మామయ్యా, సైజు ప్రకారం సర్దాను. చూశావా?"

"చూశానమ్మా."

"నువ్వు వచ్చేప్పటికి అవలేదు. కోటు గుండీలు మిగిలిపోయాయి. అందుకే పలకలేదు."

నా భార్య దుప్పటి సర్దుతున్నదల్లా ఆగింది. "ఎప్పుడొచ్చాడే మామయ్య?"

"అప్పుడే అత్తయ్యా. పిలిచాడు. తాళం టకటకమని వేశాడు. సర్దేదాకా తియ్యనన్నాడుగా." మళ్ళీ నా వైపు తిరిగింది. "అన్నీ అయిపోయాక పిలిచాను మామయ్యా. చాలాసార్లు పిలిచాను. నీకు వినపడలేదా?"

ఇంతలో టైలరమ్మ వచ్చింది. కూతురు మాట చెవిన పడి నవ్వేసింది. "జ్వరంలో ఏదేదో కలగన్నది వదినా. నాకూ అదే చెబుతుంది, మామయ్య తాళం వేశాడని. అన్నయ్య లేకపోతే మనకి దిక్కెవరే పిచ్చిదానా? ఊరినంతా నడిపించి నిన్ను తెచ్చింది మామయ్యే."

ఇంటికి వచ్చాం. కొట్టు తాళం తీస్తుంటే నా భార్య అంది.

"పోస్టాయనకి చెప్పండి."

"చెప్తాను."

"ఊళ్ళో చెప్పక్కర్లేదు. టైలరమ్మకి ఎప్పుడు చెప్పాలో మీకే తెలియాలి. ముందు ఆయనకి చెప్పండి. ఆయన నిద్రపోవట్లేదట, వాళ్ళావిడ ఏడుస్తోంది."

"చెప్తానన్నానుగా. సమయం చూసుకుని చెప్పాలి."

"సరే" అంది.

వర్తకుల సంఘం వాళ్ళు సభ పెడతామని వచ్చారు. సభ కాగానే చెబుదామనుకున్నాను. సభలో శాలువా కప్పారు, వచ్చే ఏడాదికి నన్నే అధ్యక్షుడన్నారు. గార్డు లేచి, "అడివి కూడా కొట్టులాంటిదేనని షావుకారుగారు నాకు నేర్పారు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. అది మెచ్చుకోవడమో దెప్పడమో అతని మొహం చూసి పోల్చుకోలేకపోయాను. అంత సభ అయ్యాక ఏం చెబుతాం? పది రోజులు పోనిద్దామనుకున్నాను.

పదో రోజుకి ముందే పోస్టాయన బదిలీ పెట్టుకున్నాడని తెలిసింది. ఇంటికి ఉత్తరం తీసుకెళ్తే తలుపు తీయకుండా కిటికీలోంచి చెయ్యి చాపేవాళ్ళట జనం. లారీలో సామాను ఎక్కిస్తుంటే నా భార్య వెళ్ళి చూసొద్దామంది. నేను తాడు చుట్టలు చూసుకుంటున్నాను, "నువ్వు వెళ్ళు, వెనకే వస్తా" అన్నాను. ఆవిడ ఒక్కతే వెళ్ళింది. నేను బయల్దేరేసరికి లారీ మలుపు తిరిగింది. అది ఎంతసేపట్లో తిరుగుతుందో నాకు తెలుసు, దానికి తగ్గట్టే బయల్దేరాను. ఇది కూడా లెక్కలో ఉండాలి కాబట్టి రాస్తున్నాను.

తిరిగొచ్చి ఆవిడ ఒక చిన్న పొట్లం బల్ల మీద పెట్టింది. అందులో రెండు ముత్యపుచిప్ప గుండీలు. "గుండీకిమ్మన్నారు" అంది.

"నువ్వు ఆయనకి చెప్పావా?"

"అది మీరు చెప్పాల్సింది."

ఆ తర్వాత ఆవిడ నాతో పోట్లాడలేదు. పుట్టింటికి పోలేదు. వండుతుంది, గల్లా చూస్తుంది, ఇద్దరం ఒకే బల్ల దగ్గర తింటాం. మధ్యాహ్నాలు టైలరమ్మ దగ్గర కూర్చుని కాజాలు కుడుతుంది, గుండీకి నడక నేర్పుతుంది. నాతో అవసరమైనవన్నీ మాట్లాడుతుంది. ఒక్క మాట మాత్రం మానేసింది. ఏమండీ అనదు. పై నుంచి పిలవాల్సి వస్తే మెట్లు దిగి నా ఎదురుగా వచ్చి నిలబడి చెబుతుంది. ఊరికి ఇది తెలియదు. ఆ పిలుపు రోజూ విన్నవాడికి కదా, అది లేదని తెలిసేది.

వానలు వెనకబట్టాక ఒక రోజు టైలరమ్మ చొక్కా పట్టుకుని వచ్చింది. కొలతలు తీసుకోకుండానే సరిగ్గా కుట్టింది. "నీ రుణం ఎలాగూ తీరదన్నయ్యా. ఇదైనా వేసుకో. గుండీలు మాత్రం అదే ఏరింది, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు." కింద మెట్టు దగ్గర చంకకర్ర మీద ఆనుకుని గుండీ చూస్తోంది. ఆరు గుండీలు ఆరు రంగులు. గొంతు దగ్గర అన్నిటికన్నా చిన్నది, కిందికి పోయేకొద్దీ పెద్దవి.

"సరిగ్గా ఉందా మామయ్యా?"

"సరిగ్గా ఉందమ్మా" అన్నాను.

ఈ ఏడు మళ్ళీ వానల ముందు కొట్టు మూసి సరుకు లెక్క చూశాం. నా భార్య ప్రతి పెట్టె సీలూ కోసి మూత తీసి చెయ్యి పెట్టింది. నేను అడ్డుచెప్పలేదు. అన్నిట్లోనూ రాసినంతే ఉంది.

కాబట్టి ఆ ఒక్క వానాకాలంలో నాకు మిగిలింది ఇది: సంఘం అధ్యక్షుడి కుర్చీ ఒకటి. బజారులో నేను నడుస్తుంటే పక్కకి తప్పుకుని దారి ఇచ్చే మనుషులు. శాలువా ఒకటి. పెట్టెలో మడతపెట్టి ఉన్న కొత్త చొక్కా ఒకటి, ఒంటిమీద వేసుకోలేదు. నాలుగు మడతల ఎర్ర పేలిక ఒకటి, గల్లా సొరుగులో, నేను రోజూ చెయ్యిపెట్టే చోట. ఇత్తడి తాళం ఒకటి, చెవితో సహా. వాడిన తాళం కాబట్టి అమ్మడానికి లేదు. కొట్టు మూసే ముందు దాన్ని ఒకసారి లాగి చూస్తాను. గట్టిగానే ఉంది.